పిల్లలు ముందొచ్చారు, పెద్దల శిక్షణ వెనకొచ్చింది

స్కౌట్ గ్రూపు నడపడానికి పెద్దవాళ్లు కావాలి అనగానే చెయ్యెత్తేవాళ్లు తక్కువ. ఎత్తినవాళ్లలో చాలామంది పిల్లల్ని దింపడానికి వచ్చి, కాసేపు చూసి, అక్కడే ఉండిపోయినవాళ్లు. వాళ్లకు జీతం ఉండదు. ఉద్యోగం, ఇల్లు చూసుకున్నాక మిగిలిన సాయంత్రాలే వాళ్ల చేతిలో ఉన్న సమయం. అలాంటి మనిషికి మొదటి వారంలోనే కోర్సుల జాబితా అందుతుంది. పిల్లల రక్షణ, ప్రథమ చికిత్స, ప్రమాదాల అంచనా, క్యాంపు అనుమతులు, నాయకత్వం. ‘పిల్లల చేత నాలుగు ఆటలు ఆడించడానికి ఇన్ని కావాలా?’ అని వాళ్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ‘ఇవేవీ తెలియని మనిషితో మా పిల్లల్ని కొండలెక్కడానికి ఎలా పంపుతాం?’ అని తల్లిదండ్రులు అడిగితే అదీ న్యాయమే.

ఈ రెండు ప్రశ్నలూ స్కౌటింగ్ పుట్టిన కొద్ది ఏళ్లకే మొదలయ్యాయి. ఆ జాబితాను ఎవరో ఒకరు ఒకేసారి కూర్చుని రాయలేదు. ఒక్కో అంశం ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం వల్ల వచ్చి చేరింది. కొన్ని చావుల తర్వాత చేరాయి.

1907 ఆగస్టులో, స్కౌటింగ్‌కు ఆద్యుడైన బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ బేడెన్ పవెల్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవై మందికి పైగా కుర్రాళ్లతో క్యాంపు పెట్టాడు. వాళ్లలో పెద్దింటి బడుల్లో చదివేవాళ్లూ ఉన్నారు, కార్మికుల పిల్లలూ ఉన్నారు. వాళ్లను నాలుగు చిన్న దళాలుగా విడగొట్టి, ఒక్కో దళానికి వాళ్లలోంచే ఒక కుర్రాణ్ణి నాయకుడిగా పెట్టాడు. ఈ దళాన్నే స్కౌటింగ్‌లో పట్రోల్ అంటారు. తర్వాతి కథంతా ఈ ఒక్క ఏర్పాటు చుట్టూనే తిరుగుతుంది.

1908 జనవరి నుంచి ఆయన రాసిన ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ పుస్తకం ఆరు భాగాలుగా, పక్షానికొకటి చొప్పున బయటికొచ్చింది. కొత్త సంస్థ పెట్టాలన్నది బేడెన్ పవెల్ ఉద్దేశం కాదు. 1883లో గ్లాస్గోలో విలియం స్మిత్ మొదలుపెట్టిన బాయ్స్ బ్రిగేడ్ లాంటి కుర్రాళ్ల సంఘాలు అప్పటికే ఉన్నాయి కాబట్టి, అవే ఈ పద్ధతిని వాడుకుంటాయని ఆయన అనుకున్నాడు. కానీ పిల్లలు ఆగలేదు. పుస్తకం కొనుక్కుని, చదువుకుని, తమంతట తామే పట్రోళ్లు కట్టుకున్నారు. తర్వాత తమకు స్కౌట్ మాస్టర్‌గా ఉండమని తెలిసిన పెద్దవాళ్లను అడగడం మొదలుపెట్టారు. 1909 సెప్టెంబరులో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర జరిగిన ర్యాలీకి దాదాపు 11,000 మంది వచ్చారు. పిలవకపోయినా కొందరు ఆడపిల్లలు కూడా వచ్చి, మేమూ స్కౌట్లమే అన్నారు. మరుసటి ఏడే గైడ్స్ సంస్థ ఏర్పడింది. 1910కల్లా ఒక్క బ్రిటన్‌లోనే స్కౌట్ల సంఖ్య లక్ష దాటింది.

మామూలుగా ఏ సంస్థైనా ముందు నాయకుల్ని తయారుచేసుకుని తర్వాత సభ్యుల్ని చేర్చుకుంటుంది. ఇక్కడ లక్ష మంది పిల్లలు ముందే వచ్చేశారు. వాళ్ల వెనక పరుగెత్తుకుంటూ పెద్దలొచ్చారు. పాదిరీలు, టీచర్లు, మాజీ సైనికులు, ఆఫీసు గుమాస్తాలు. ఎవరికి తెలిసింది వాళ్లు చేశారు. సైన్యం నుంచి వచ్చినవాడు కవాతు చేయించాడు. టీచరు పాఠం చెప్పాడు. బేడెన్ పవెల్‌కు ఈ రెండూ నచ్చలేదు. స్కౌట్ మాస్టర్ బడిపంతులూ కాకూడదు, సైనికాధికారీ కాకూడదు, ఇంట్లో అన్నయ్యలా ఉండాలన్నది ఆయన మాట. చెప్పడం సులభమే. అన్నయ్యలా ఉండటం ఎలాగో ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లకు నేర్పడం ఎలా? 1910, 1911లలో లండన్‌లోనూ యార్క్‌షైర్‌లోనూ ప్రయోగాత్మకంగా కొన్ని శిక్షణ తరగతులు నడిపారు. అంతలోనే రెండు పెద్ద దెబ్బలు తగిలాయి.

మొదటిది 1912 ఆగస్టు 4న. లండన్‌లోని వాల్‌వర్త్ పేటకు చెందిన స్కౌట్లు క్యాంపు కోసం పడవలో వెళ్తుండగా, లేస్‌డౌన్ తీరం దగ్గర గాలివానకు పడవ బోల్తా పడింది. తొమ్మిది మంది పిల్లలు మునిగిపోయారు. వెంట ఉన్న పెద్దలు కాపాడాలని చేతనైనంత ప్రయత్నించారు. శవాలను లండన్ తీసుకురావడానికి ప్రభుత్వం యుద్ధనౌకను పంపింది. అప్పట్లో అది దేశం మొత్తం ఏడ్చిన ఘటన. మంచి మనసు, ధైర్యం ఉన్న పెద్దమనిషి పక్కనుంటే సరిపోతుందా అన్న ప్రశ్న ఆ పడవతోనే పైకి తేలింది. ఇంతవరకూ అది మునగలేదు.

రెండోది 1914లో వచ్చిన మొదటి ప్రపంచ యుద్ధం. స్కౌట్ మాస్టర్లు వేలల్లో సైన్యంలో చేరారు. చాలా ట్రూపులకు, అంటే కొన్ని పట్రోళ్లు కలిసిన గ్రూపులకు, పెద్దదిక్కు లేకుండా పోయింది. మూతపడాల్సిన ఆ ట్రూపుల్లో ఎన్నింటినో పట్రోల్ లీడర్లే, అంటే పద్నాలుగూ పదిహేనేళ్ల కుర్రాళ్లే నడిపించారు. పట్రోల్ పద్ధతి మీద ఆ రోజుల్లోనే పుస్తకం రాసిన రోలండ్ ఫిలిప్స్ అనే యువ కమిషనర్ 1916 జూలైలో సోమ్ యుద్ధంలో చనిపోయాడు. పిల్లలకు నిజంగా బాధ్యత అప్పగిస్తే మోయగలరన్నది ఆయన నమ్మకం. యుద్ధం ఆ నమ్మకాన్ని ఎవరూ కోరుకోని రీతిలో నిజం చేసింది. ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో నాయకత్వంలోకి వచ్చిందీ ఆ కాలంలోనే. 1916లో చిన్నపిల్లల కోసం మొదలైన వుల్ఫ్ కబ్స్ విభాగాన్ని చాలాచోట్ల వాళ్లే నిలబెట్టారు.

యుద్ధం ముగిశాక, అప్పటిదాకా ఆగిపోయిన ఆలోచనకు చోటు దొరికింది. స్కాట్లండ్‌కు చెందిన స్కౌట్ కమిషనర్ విలియం డిబోయ్ మెక్లారెన్, క్యాంపు వేసుకోవడానికి జాగా లేని ఈస్ట్ లండన్ పిల్లల కోసం స్థలం కొనిస్తానన్నాడు. బేడెన్ పవెల్ అదే స్థలంలో పెద్దలకూ శిక్షణ ఇద్దామన్నాడు. అలా ఎపింగ్ అడవి అంచున ఉన్న గిల్వెల్ పార్కును 1919లో 7,000 పౌండ్లకు కొన్నారు. ఇల్లు పాడుబడి ఉంటే మరమ్మతులకు మెక్లారెన్ ఇంకో 3,000 పౌండ్లు ఇచ్చాడు. మెక్లారెన్ వంశం గుర్తుగా వాడే గళ్ల గుడ్డముక్క ఇప్పటికీ గిల్వెల్ స్కార్ఫ్ వెనకభాగంలో కుట్టి ఉంటుంది. ఆ స్కార్ఫ్ వేసుకున్నవాళ్లలో ఆ ముక్క వెనక ఇంత కథ ఉందని ఎందరికి తెలుసో!

1919 సెప్టెంబరు 8న మొదటి కోర్సు మొదలైంది. వచ్చినవాళ్లు 19 మంది. నడిపింది ఫ్రాన్సిస్ గిడ్నీ. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే నా ఉద్దేశంలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఆ పన్నెండు రోజుల్లోనే ఉంది. ఆ పెద్దమనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. వాళ్లను పట్రోళ్లుగా విడగొట్టారు. డేరాల్లో పడుకోబెట్టారు. వంతులవారీగా వంట చేయించారు, నీళ్లు మోయించారు. ఒకరు చెప్తే మిగతావాళ్లు వినాల్సిన చోట కూర్చోబెట్టారు. పెద్ద మీసాల మనుషులు పన్నెండు రోజులపాటు స్కౌట్ పిల్లలయ్యారు. తడిసిన కట్టెలతో పొయ్యి అంటుకోనప్పుడు పిల్లాడికి ఎలా ఉంటుందో, పట్రోల్‌లో తన మాట ఎవరూ వినకపోతే ఎలా ఉంటుందో, తన వంతు పని తప్పించుకునేవాడితో ఎలా వేగాలో వాళ్లు ఒంటితో నేర్చుకున్నారు.

పెద్దవాళ్లకు ముడులు వేయడం రాకపోవడం అసలు సమస్య కాదు. ముడి ఒక సాయంత్రంలో వస్తుంది. పిల్లాడు ముడి తప్పుగా వేస్తున్నప్పుడు తాడు లాక్కోకుండా చూస్తూ ఉండటం రాదు. పిల్లల గ్రూపుల దగ్గర నాలుగు రోజులు గడిపినవాళ్లెవరైనా ఈ దృశ్యం చూసే ఉంటారు. డేరా ఒక పక్కకు ఒరుగుతుంటే పిల్లలు ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. పెద్దాయన ఓపిక పట్టలేక వెళ్లి రెండు నిమిషాల్లో నిలబెట్టేస్తాడు. ఆయన సాయమే చేశాడు. కానీ ఆ రెండు నిమిషాల్లో పట్రోల్ లీడర్ పదవి ఉత్తదైపోయింది. గిల్వెల్ కోర్సు పుట్టింది ఆ చేతిని ఆపడానికే.

కోర్సు పూర్తిచేసినవాళ్లకు చెక్కపూసలు ఇచ్చారు. అందుకే దానికి వుడ్ బ్యాడ్జ్ అని పేరు. మొదటి పూసలు జూలూ రాజు దినుజులూ హారంలోవని చెప్తారు. అంటే వలస యుద్ధాల కాలంలో ఆఫ్రికా నుంచి ఇంగ్లండ్ చేరిన వస్తువు. గౌరవంగా మెడలో వేసుకునేవాళ్లు ఆ సంగతీ తెలుసుకుని వేసుకోవాలని నేననుకుంటాను. సర్టిఫికెట్ కాగితం బదులు రెండు పూసలు చాలన్న ఆలోచన మాత్రం నిలిచింది. సాధారణ వుడ్ బ్యాడ్జ్‌కు రెండు, ఇతరులకు శిక్షణ ఇచ్చేవాళ్లకు మూడు, వాళ్లపై స్థాయివాళ్లకు నాలుగు. కొద్ది ఏళ్లలోనే కోర్సుకు మూడు దశల రూపం వచ్చింది. చదివి జవాబులు రాయడం, క్యాంపులో ఉండి చేయడం, తిరిగి వెళ్లి తన సొంత గ్రూపులో కొన్ని నెలలు ఆచరించి చూపించడం.

1923లో గిల్వెల్ బాధ్యత తీసుకున్న జె. ఎస్. విల్సన్ అంతకుముందు కలకత్తా పోలీసు శాఖలో అధికారి. ఇరవై ఏళ్లు ఆయనే అక్కడ క్యాంప్ చీఫ్. ఆయన కాలంలో ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది. భారత్‌లో హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అంటారు, పచ్‌మఢీలోని జాతీయ శిక్షణ కేంద్రం 1956 నుంచి ఉంది. 1960ల వరకూ చాలా దేశాలకు గిల్వెల్ చెప్పిందే వేదం. తర్వాత ఒక్కో దేశ సంఘం తన శిక్షణను తానే రూపొందించుకోవడం మొదలైంది.

అమెరికాలో 1936లో విల్సన్ వెళ్లి ఒక ప్రయోగాత్మక కోర్సు నడిపినా, వుడ్ బ్యాడ్జ్ అధికారికంగా స్థిరపడింది 1948లో, అక్కడి స్కౌట్ పుస్తకాల రచయిత విలియం హిల్‌కోర్ట్ చేతుల మీదుగా. ఆ తర్వాత అక్కడే పెద్ద మలుపు వచ్చింది. కాలిఫోర్నియాలో 1958 ప్రాంతంలో బేలా బానాతీ అనే హంగేరీ మూలాల స్కౌట్ నాయకుడు, నాయకత్వాన్ని విడిగా నైపుణ్యాలుగా విడగొట్టి నేర్పవచ్చని చూపించాడు. 1972 నాటికి అమెరికా వుడ్ బ్యాడ్జ్‌లో అడవి విద్యలు వెనక్కి వెళ్లి నాయకత్వ నైపుణ్యాలు ముందుకొచ్చాయి. అదే ఏడాది మొత్తం కార్యక్రమంలోనూ క్యాంపింగ్ ప్రాధాన్యం తగ్గింది. పాతవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. చివరికి రిటైరైన హిల్‌కోర్ట్‌నే పిలిస్తే, ఆయన మళ్లీ అడవి వైపు తిప్పుతూ రాసిన హ్యాండ్‌బుక్ 1979లో వచ్చింది. ఈ వాదం ఇప్పటికీ తెగలేదు. మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌లో వాడే మాటలు స్కౌట్ కోర్సుల్లో వినిపిస్తే నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ బానాతీ అడిగింది తప్పు ప్రశ్న కాదు. నాయకత్వం క్యాంపులో దానంతటదే వస్తుందని వదిలేస్తే, కొందరికి వస్తుంది, కొందరికి రాదు.

ఇక అన్నిటికన్నా బరువైన అధ్యాయం పిల్లల మీద జరిగిన లైంగిక వేధింపులు. అన్నయ్యలా ఉండాలన్న మాటను అడ్డం పెట్టుకుని పిల్లల దగ్గర చేరినవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. అమెరికా సంస్థ అలాంటివాళ్ల పేర్లతో దశాబ్దాలపాటు రహస్య ఫైళ్లు నడిపింది. 1980ల చివర్లో కనీసం ఇద్దరు పెద్దలు ఎప్పుడూ ఉండాలన్న నియమం వచ్చింది. పిల్లల రక్షణ శిక్షణ నాయకులందరికీ తప్పనిసరి అయింది 2010లో. 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. 82,000 మందికి పైగా బాధితులుగా ముందుకొచ్చారు. పరిహారానికి కుదిరిన మొత్తం 246 కోట్ల డాలర్లు. 2017లో బాకూలో జరిగిన ప్రపంచ స్కౌట్ సదస్సు పిల్లల రక్షణపై అన్ని దేశాలకూ వర్తించే విధానాన్ని ఆమోదించింది. అందుకే కొత్త వాలంటీర్‌కు ఇచ్చే జాబితాలో ఈ పాఠం అన్నిటికన్నా పైన ఉంటుంది. ‘నన్ను అనుమానిస్తున్నారా?’ అని బాధపడే మంచివాళ్లను చూశాను. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ ఆ 82,000 మంది బాధితుల తల్లిదండ్రుల్లోనూ ఎదుటి మనిషిని అనుమానించడం మర్యాద కాదనుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

ప్రమాదాల సంగతీ అంతే. 2018 ఆగస్టులో వేల్స్‌లోని గ్రేట్ ఓర్మ్ కొండ మీదినుంచి 16 ఏళ్ల స్కౌట్ పడి చనిపోయాడు. 2024లో ముగిసిన విచారణలో జ్యూరీ దాన్ని చట్టవిరుద్ధ మరణంగా తేల్చింది. లేస్‌డౌన్‌కూ దీనికీ మధ్య నూట ఆరేళ్లు. ఈ నూట ఆరేళ్లలో నియమాలు వందలు పెరిగాయి. ఆ రోజు ఆ కొండ మీద కావాల్సింది మాత్రం పాతదే: ఏ పిల్లాడు ఎక్కడున్నాడో, ఏ దారి ప్రమాదమో, ఎవరు ఎవరికి బాధ్యులో తెలిసిన పెద్దవాళ్లు.

కాబట్టి కోర్సులు ఎక్కువైపోయాయన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. సమయం లేదన్నదీ కాదనలేను. ఇటీవలి ఏళ్లలో బ్రిటన్‌లో చేరాలని వెయిటింగ్ లిస్టులో ఉన్న పిల్లలు లక్షకు అటూ ఇటూగా ఉన్నారు. కారణం పెద్దవాళ్లు చాలకపోవడమే. అందుకే సంఘాలు రెండు దారులు వెతుకుతున్నాయి. ఒకటి, ఒక్కరే అన్నీ నేర్చుకోనక్కర్లేకుండా బాధ్యతను జట్టుగా పంచడం. ఇది మంచిదే. లెక్కలు చూసేవారికి కొండ ఎక్కించే శిక్షణ ఎందుకు? రెండోది, పాఠాలను ఫోన్లోకి, కంప్యూటర్లోకి మార్చడం. నియమాలు తెలుసుకోవడానికి అదీ చాలు. ఇద్దరు పెద్దల నియమం ఏమిటో స్క్రీన్ మీద చదివినా అర్థమవుతుంది.

నా భయమల్లా మూడోదాని గురించి. సమయం కుదించాల్సి వచ్చినప్పుడు ముందు కత్తెర పడేది డేరాల్లో గడిపే రోజుల మీదే. పన్నెండు రోజులు ఎనిమిదయ్యాయి, ఎనిమిది ఐదయ్యాయి, కొన్నిచోట్ల రెండు వారాంతాలకు వచ్చాయి. అంతవరకూ సర్దుకోవచ్చు. అది కూడా తీసేస్తే, కింద కూర్చుని ఇంకొకరి మాట వినాల్సిన స్థితి ఎలా ఉంటుందో ఆ పెద్దమనిషికి ఎప్పటికీ తెలియదు. ఒరిగిన డేరా వైపు ఆయన చెయ్యి వెళ్తూనే ఉంటుంది.

ఆ రోజుల్ని కాపాడాలన్నా మనుషులే కావాలి. కోర్సు నడిపేవాళ్లు, తర్వాత నెలల్లో ఒక్కో కొత్త నాయకుడి గ్రూపుకు వెళ్లి, వెనక బెంచీ మీద కూర్చుని, ఆయన పిల్లల్ని ఎలా నడుపుతున్నాడో చూసి, ఇంటికి వెళ్లేముందు పక్కకు పిలిచి నాలుగు మాటలు చెప్పేవాళ్లు. మెడలో మూడు పూసలున్న వాళ్లకూ చాలాచోట్ల జీతం లేదు. వాళ్లు కూడా ఉద్యోగం అయ్యాక, అన్నం తినీ తినకుండా, అవే సాయంత్రాల్లో వస్తారు.