తరుగు ఎవరిది, దానం ఎవరిది?

కొత్త నగల షోరూము తెరిస్తే చాలు, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనూ విజయనగరం గంటస్తంభం దగ్గరా ఒకే రకం ఫ్లెక్సీలు లేస్తాయి. పేద జంటలకు ఉచిత పుస్తెలు, ఆసుపత్రికి డయాలసిస్ యంత్రం, బడికి బల్లలు. వెనకాలే స్వర్ణకారుల మాట కూడా లేస్తుంది: ఆ దానం తమ తరుగు (నగ చేసేటప్పుడు రాలి తగ్గే బంగారం) సొమ్మేనని. మళ్లీ ఇప్పుడు అదే వాదన. కంపెనీలు లాభంలో కొంత సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్న 2013 కంపెనీల చట్టం వచ్చాకే ఈ పేచీ మొదలైందని చాలామంది అనుకుంటారు. కానీ ముడి పడింది అంతకు యాభై ఏళ్ల ముందు.

అంతకు ముందు కథ అందరికీ తెలిసిందే. ఇంట్లోవాళ్లు బంగారం తెచ్చి కంసాలి చేతికిచ్చేవారు, ఆయన గీటురాయి మీద వన్నె చూసి, ఎదుటే తూచి, కుంపటి ముందు కూర్చునేవాడు. మజూరీ ఆయనదే, తరుగూ ఆయనదే. ఆకురాయి కింద రాలిన పొడి, కరిగించే మూసకు అంటింది, చీపురుకు వచ్చిన మట్టి అన్నీ దాచి, వాటిని కడిగి బంగారం తీసే జలగడిగేవాళ్లకు ఇస్తే ఏడాదికోసారి కొంత బంగారం తిరిగొచ్చేది. గుడికి ఇచ్చినా, పెళ్లికి సాయం చేసినా ఆ చేతి నుంచే.

1962 చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదు. అంటే నూటికి 58 పాళ్లే బంగారం, మిగతాది రాగి, వెండి. 22 క్యారెట్లకు అలవాటుపడ్డ చేతికి ఆ లోహం లొంగదు. దాగలి (సుత్తితో కొట్టే ఇనుప దిమ్మ) మీద త్వరగా బిరుసెక్కుతుంది, కమ్మచ్చులో తీగ లాగుతుంటే తెగుతుంది, మాటిమాటికీ కాల్చి మెత్తబరచాలి. పైగా రంగు మారిన నగను పెళ్లివారు కొనరు. దేశమంతా స్వర్ణకారులు పని పోగొట్టుకున్నారు, ఆత్మహత్యలు జరిగాయి. 1966లో క్యారెట్ల పరిమితి ఎత్తేశారు గానీ, 1968 చట్టం మిగతా అదుపును నిలబెట్టింది. లైసెన్సున్న డీలరు ఒక వైపు, సర్టిఫికెట్ ఉన్న స్వర్ణకారుడు మరో వైపు; ఎవరి దగ్గర ఎంత బంగారం ఉండవచ్చో లెక్కలు, రిజిస్టర్లు. పెట్టుబడి, గుమస్తా ఉన్న దుకాణానికి ఆ రిజిస్టర్లు రాయడం కష్టం కాదు. కుంపటి ముందు ఒక్కడే కూర్చున్నవాడికి కష్టమే. 1990 జూన్‌లో చట్టం రద్దయ్యేసరికి ఒక తరం గడిచిపోయింది. బంగారం దుకాణం చేతిలో ఉంది, కంసాలి దుకాణానికి పనివాడయ్యాడు. అసలు మలుపు ఇదే. తరుగు చేయి మారింది.

నేటి బిల్లులో దాన్ని చూడవచ్చు. 40 గ్రాముల హారానికి 14 శాతం తరుగు వేశారనుకుందాం. 5.6 గ్రాములు. కొనేవారు 45.6 గ్రాముల ధర కట్టి, పైన 3 శాతం జీఎస్టీ ఇస్తారు. ఆ 5.6 గ్రాములూ గాలికి పోయాయా? లేదు. ఆకురాయి పొడి, మెరుగు పొడి, తుడిచిన గుడ్డ అన్నీ శుద్ధికి వెళ్లి తిరిగి బంగారమవుతాయి. పైగా అచ్చులో పోసిన నగకీ, చేత్తో అల్లిన నగకీ పోయేది ఒకేలా ఉండదు. పనివాడికి గ్రాముకింత కూలి, కొంత నష్టం మినహాయింపు. మిగతాది షోరూము అద్దె, ప్రకటనలు, లాభం. ఆ లాభంలోంచే దానం వస్తుంది. స్వర్ణకారుల మాటలో ఉన్న లెక్క ఇది. కోపంగా అంటారు గానీ కూడిక తప్పు కాదు.

షోరూములవారి మాటకూ బలముంది. వన్నె మీద అనుమానం సామెతల కాలం నుంచి ఉన్నదే, స్వచ్ఛతను ధ్రువీకరించే హాల్‌మార్కు ముద్రతో అది తీరింది అంటారు. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేని నగ అమ్మకూడదు. కొన్నవారు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూసుకోవచ్చు. ఏడాది టర్నోవరు 40 లక్షల లోపున్న చిన్నవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, ముద్ర లేని నగ ఎవరు కొంటారు?

రెండు గ్రాముల లోపు నగలకూ మినహాయింపే. ఉచిత పుస్తెలు గ్రాము, గ్రామున్నర ఉంటే వాటికి ముద్ర అక్కర్లేదు. ఆ జంట రేపు తాకట్టుకు వెళితే వన్నె గీటురాయి మీదే తేలాలి. దానం ఇచ్చేవారు బిల్లులో బరువు, క్యారెట్లు రాసి ఇస్తే ఆ చిక్కు సగం తీరుతుంది.

ఇక చట్టం. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి అందినా కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) ఖర్చు చేయాలి. లాభాలు 6, 9, 12 కోట్లయితే సగటు 9 కోట్లు, బాధ్యత 18 లక్షలు. అందులో ఆఫీసు ఖర్చు 5 శాతం మించకూడదు, అంటే 90 వేలు. ఖర్చుకాని సొమ్ము కొనసాగే ప్రాజెక్టుదైతే ఏడాది ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో వాడాలి, కాకపోతే ఆరు నెలల్లో ఆ చట్టం ఏడో షెడ్యూలులో చెప్పిన నిధికి పంపాలి. తప్పితే కట్టాల్సినదానికి రెట్టింపు లేదా కోటి, ఏది తక్కువైతే అది జరిమానా.

ఇదంతా కంపెనీలకే. నరసన్నపేట, రాజాం బజార్లలోని భాగస్వామ్య దుకాణానికీ సొంత దుకాణానికీ ఇది వర్తించదు. వాళ్లు రథసప్తమికి అరసవల్లిలో అన్నదానం చేసినా, ఎండాకాలం చలివేంద్రం పెట్టినా అది వారి ఇష్టం. ఆ దానానికి ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే మాత్రం 2,000 రూపాయలు మించి నగదుగా ఇవ్వకూడదు, రసీదు ఉండాలి. పాతకాలపు వర్తకులు బిల్లులోనే ధర్మాదా అని వేరే వరుస రాసి వసూలు చేసేవారు. అది వర్తకుడి ఆదాయం కాదని 1979లో సుప్రీంకోర్టు బిజ్లీ కాటన్ మిల్స్ కేసులో చెప్పింది. కొన్నవాడి సొమ్ముతో దానమని అక్కడ దాపరికం లేకుండా రాసి ఉండేది.

ఫ్లెక్సీ కట్టిన ప్రతిదీ 2 శాతంలోకి రాదు. తమ సరుకుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ లెక్కలోకి రాదని నిబంధనల్లోనే ఉంది. సిరిమానోత్సవం దారిలో దుకాణం పేరుతో కట్టిన స్వాగత తోరణం ఆ కోవలోదే. ఒకనాటి కార్యక్రమాలూ పనికిరావని 2014 జూన్ 18 నాటి కేంద్ర సర్క్యులర్ చెప్పింది, 2021లో దాని స్థానంలో వేరే సర్క్యులర్ వచ్చింది. ప్రారంభోత్సవం రోజు వేదిక మీద పంచిన పుస్తెలు ఎటు వస్తాయో చదివినవారికి తెలుస్తుంది. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది గానీ అది తప్పనిసరి కాదని 2021 ఆగస్టులో కేంద్రం వివరణ ఇచ్చింది. శ్రీకాకుళం తరుగు మరో రాష్ట్రంలో ఖర్చయినా అడిగే వీలు లేదు.

ఈ వాదనలో ఎవరూ ఎత్తని విషయం పొగ. పాత అతుకులో రాగి కలిసేది, అందుకే కరిగిస్తే వన్నె తగ్గేది. ఆ లోటు తీర్చడానికి వచ్చిందే కేడీఎం అతుకు: 92 పాళ్లు బంగారం, 8 పాళ్లు కాడ్మియం. కాడ్మియం 321 డిగ్రీలకే కరిగి, 767 డిగ్రీలకు ఆవిరవుతుంది. ఊదుగొట్టం మంట వేడి అంతకు ఎంతో ఎక్కువ. ఆవిరి పీల్చింది పనివాడు, దెబ్బ తినేవి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు. (ఉద్దానం మూత్రపిండాల జబ్బుకూ దీనికీ ముడిపెట్టడం లేదు.) బీఐఎస్ ప్రమాణం కాడ్మియాన్ని ఒప్పుకోదు, జింకు, ఇండియం అతుకులు వచ్చాయి. కానీ కిటికీ లేని గదిలో నత్రికామ్లంతో శుద్ధి చేస్తే వచ్చే గోధుమరంగు పొగ అలాగే ఉంది.

2 శాతం సొమ్ము అటు మళ్లించవచ్చా? ఏడో షెడ్యూలులో ఆరోగ్యం, వృత్తి నైపుణ్యం, సంప్రదాయ హస్తకళలు మూడూ ఉన్నాయి. సొంత ఉద్యోగుల కోసమే చేసేది, రోజువారీ వ్యాపారంలో భాగమైనది మాత్రం కుదరదు. ముక్క కూలి (చేసిన పనికింత) పనివాడు జీతాల పట్టీలో లేడు కాబట్టి ఈఎస్ఐ లేదు, పీఎఫ్ లేదు. అదే కారణంగా అతడి మీద పెట్టిన ఖర్చు ఉద్యోగుల కోసం చేసినదన్న అడ్డంకిలో పడకపోవచ్చు. కంపెనీ సొంత వర్క్‌షాపులో పొగ గొట్టం బిగిస్తే లెక్కకు రాదు, ఊళ్లోని స్వర్ణకారులందరికీ తెరిచిన ఉమ్మడి శుద్ధి గదిలో పొగ లాగే ఫ్యాను, యాసిడ్ పొగను కడిగే తొట్టి పెడితే వచ్చే అవకాశం ఉంది. పనిముట్లకు 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకం కింద 15,000 రూపాయల వోచరు దొరుకుతుంది, 18 వృత్తుల్లో స్వర్ణకారులదీ ఒకటి. గదికి, ఫ్యానుకు ఆ డబ్బు చాలదు.

ఏ కంపెనీ ఏ జిల్లాలో ఎంత ఖర్చు చేసిందో కేంద్రం నడిపే సీఎస్ఆర్ పోర్టల్‌లో ఏడాదివారీగా ఉంటుంది. ఫ్లెక్సీ మీద రాసిందీ, అక్కడ చూపిందీ పక్కపక్కన పెట్టి చూడడానికి పది నిమిషాలు చాలు.