విడివిడిగా పెరిగిన వాతావరణ నమూనాలు

గాలి, వేడి, తేమ లోబడే భౌతిక సూత్రాలు భూమి అంతటా ఒక్కటే అయినా, వాటిని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు మాత్రం దేశానికొకటిగా, కొన్నిచోట్ల సంస్థకొకటిగా పెరిగాయి. నేటి వాతావరణ స్థితి తెలిస్తే సమీకరణాలతో రేపటిని గణించవచ్చునని నార్వే శాస్త్రవేత్త విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1904లో ప్రతిపాదించారు. బ్రిటన్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఆ లెక్కను చేతితోనే చేసి 1922లో ప్రచురించారు. ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్స్ పెరుగుతుందన్న ఆయన ఫలితం పూర్తిగా తప్పింది. 1950లో అమెరికా శాస్త్రవేత్త జూల్ చార్నీ బృందం ఎనియాక్ కంప్యూటర్‌పై చేసిన ప్రయోగం సఫలమైంది గానీ, ఒక రోజు అంచనాకు దాదాపు ఒక రోజంతా పట్టింది.

ఆ తర్వాత ఎవరి యంత్రానికి తగిన ప్రోగ్రాం వారు రాసుకున్నారు. రోజువారీ అంచనాకు ఒకటి, దీర్ఘకాలిక శీతోష్ణస్థితి అధ్యయనానికి మరొకటి ఉండడం మామూలైన ఆ కాలంలో, 1990ల ఆరంభంలో బ్రిటన్ వాతావరణ సంస్థ రెండింటికీ ఒకే ‘యూనిఫైడ్ మోడల్’ను వాడుకలోకి తేవడం సాహసమే. ఇలా నమూనాలను ఏకం చేయాలా అన్న చర్చకు అమెరికాలో పదును పెట్టింది 2012 నాటి శాండీ తుఫాను: అది తీరం వైపు మళ్లుతుందని యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ అంచనా సంస్థ అయిన యూరప్ కేంద్రపు నమూనా వారం ముందే సూచించగా, అమెరికా నమూనా కొన్ని రోజులు ఆలస్యంగా ఆ నిర్ణయానికి వచ్చింది.

అయితే నమూనాలను కలపడం అనుకున్నంత తేలిక కాదు. వాతావరణం, సముద్రం, మంచు, నేల భాగాలను వేర్వేరు బృందాలు రాస్తాయి. ఒక్కొక్కటి భూగోళాన్ని ఒక్కో తీరు గడులుగా విభజిస్తుంది, ఒక్కో కాలవ్యవధితో ముందుకు సాగుతుంది. ఉష్ణ ప్రవాహం కిందికి వస్తే ధనాత్మకమా, పైకి పోతే ధనాత్మకమా అన్న చిన్న విషయంలో పొరపడినా, సముద్రం వేడెక్కవలసిన చోట చల్లబడుతుంది. అందుకే అమెరికా సంస్థలు ముందుగా భాగాల మధ్య మార్పిడి నియమాలను ఉమ్మడిగా రాసుకున్నాయి. 2019 జూన్‌లో ఆ దేశపు ప్రపంచస్థాయి నమూనాకు ఎఫ్‌వీ3 అనే కొత్త గణన కేంద్రకం, అంటే గాలి కదలికలను లెక్కగట్టే ప్రధాన ప్రోగ్రాం, వచ్చింది. దాని చుట్టూనే ‘యూనిఫైడ్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ అనే ఉమ్మడి అంచనా వ్యవస్థ రూపుదిద్దుకుంది.

ప్రపంచమంతా ఒకే నమూనాను వాడాలని కోరడం ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే స్వతంత్ర నమూనాల మధ్య తేడాలే అంచనాలోని అనిశ్చితిని బయటపెడతాయి. ఉమ్మడిగా ఉండవలసినవి భాగాలు కలిసే అతుకులు మాత్రమే. 2025 ఫిబ్రవరిలో యూరప్ కేంద్రం కృత్రిమ మేధ నమూనాను రోజువారీ సేవలోకి తెచ్చాక ఈ అవసరం మరింత పెరిగింది: అటువంటి నమూనాలు ప్రధానంగా నేర్చుకున్నది భౌతిక నమూనాతో, పరిశీలనలతో తయారైన ఈఆర్ఏ5 అనే గతకాలపు వాతావరణ దత్తాంశం నుంచే, వాటికి ప్రతిరోజూ ఆరంభ స్థితిని అందిస్తున్నదీ ఆ పాత భౌతిక నమూనాల యంత్రాంగమే.