చెన్నైలో ఫ్లిప్డ్ తరగతుల వివాదం: మూలం 2020 రికార్డింగుల్లో

చెన్నై శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్‌పై, అంటే పాఠం ఇంటి దగ్గర వీడియోలో చూసి, లెక్కలు తరగతిలో చేసే పద్ధతిపై, మళ్లీ వివాదం రేగింది. పాఠాన్ని హాస్టల్‌లో ఫోన్‌లో చూసుకోవాలంటే ఇంత ఫీజు దేనికని నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి పిల్లలను పంపిన తల్లిదండ్రులు నిలదీస్తున్నారు. ఈ పద్ధతి 2007లో అమెరికాలోని కొలరాడోలో ఇద్దరు కెమిస్ట్రీ ఉపాధ్యాయుల చేతుల్లో రూపుదిద్దుకుంది. ఇప్పటి గొడవకు మూలం మాత్రం 2020లో ఉంది.

లాక్‌డౌన్‌లో అధ్యాపకులు గత్యంతరం లేక గంట పాఠాన్ని గంట వీడియోగానే రికార్డు చేశారు. ఆ రోజుల్లో అది నిజంగా పెద్ద సేవ. 2021 మేలో ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ ముసాయిదా ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్ బోధనను ప్రతిపాదించింది. తరగతులు తెరుచుకున్నాక ఈ కళాశాల ఆ పాత వీడియోలనే ముందస్తు పాఠాలుగా వాడుకుంది. వాటివల్ల మిగిలిన తరగతి గంటలో ఏం చేయాలన్న ప్రణాళిక మాత్రం రాసుకోలేదు.

ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన ఒక రెండో సంవత్సరం విద్యార్థి ఎంట్రోపీ పాఠాన్ని మూడుసార్లు వెనక్కి జరిపి విన్నా అర్థం కాక, రాత్రి పదకొండింటికి పక్క గదిలోని సీనియర్ అన్న తలుపు తట్టాడు. మర్నాడు సార్ డౌట్స్ ఉన్నాయా అని అడిగితే అరవై మందిలో ఒక్కరూ చెయ్యెత్తలేదు; ఆయన తర్వాతి వీడియో పేరు చెప్పి హాజరు వేసుకున్నారు.

హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల నుంచి అనుసరించిన తీరు దీనికి పూర్తిగా భిన్నం. ముందే చదివి వచ్చినవారికి ఒక ప్రశ్న వేసి, ఎవరికి వారు జవాబు ఎంచుకున్నాక, 30 నుంచి 70 శాతం మంది సరిగా చెప్పినప్పుడు పక్కవారితో చర్చించనిచ్చి, మళ్లీ జవాబు అడుగుతారు. ఎవరు ఎక్కడ పొరబడుతున్నారో గురువుకు అక్కడికక్కడే తెలుస్తుంది.

విద్యార్థులు వీడియోలు చూడకుండా వస్తున్నారన్నది యాజమాన్యం వాదన. అయితే 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్‌పై 2014 నాటి అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా మధ్యస్థ వీక్షణ సమయం ఆరు నిమిషాలు దాటలేదు.

తల్లిదండ్రులు వీడియోలు ఆపేయమంటున్నారు. విద్యార్థుల వినతిపత్రంలో ఆ మాట లేదు: పాఠాన్ని చిన్న ముక్కలు చేయాలని, ఒక్కో ముక్కకు ప్రశ్నలు ముందే ఇవ్వాలని, తరగతిలో ఆ లెక్కలు చేస్తున్నప్పుడు సార్ బెంచీల మధ్య తిరగాలని, అందుకు సిద్ధం కావడానికి ఆయనకు వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించాలని వారు కోరారు.