అమెరికా తాతగారు లెటర్ రాస్తే వీసా రాదండీ బాబూ: అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర చెప్పులేసుకుంటుంటే ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "మాస్టారూ, మీరు ఆ అమెరికా తాతగారితోనే తిరుగుతారు కదేటి, మావాడికి ఒక లెటర్ ఇప్పించండి, మీ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఈ ఏడాదిలో ఇలాంటివి ఎన్నయ్యాయో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను గానీ, "మీ సంగతి" అన్న ముక్కకి మాత్రం ఒళ్ళు మండింది. అందుకే రాస్తున్నా.

నాది తర్జుమా పని. పొద్దున్న వైజాగ్ మద్దిలపాలెంలో ట్యూషన్లు, సాయంత్రాలూ ఆదివారాలూ ఇది. లేటర్ డే సెయింట్స్ చర్చి, మనవాళ్ళు మోర్మన్ చర్చి అంటారు, అక్కడి నుంచి సీనియర్ మిషనరీలుగా వచ్చే పెద్దవయసు జంటలకి పదేళ్ళ పైనుంచీ తోడుంటున్నాను. తోడంటే ప్రార్థనలకి తర్జుమా ఒక్కటే కాదు, నీళ్ళ క్యాన్ల కుర్రాడికి ఫోన్ చెయ్యడం, లిఫ్ట్ ఆగిపోతే వాచ్‌మన్‌ని లేపడం, రైతుబజార్లో బెండకాయలు విరిచి చూడటం నేర్పడం, ఇవన్నీ నావే.

సరే, అసలు విషయం. అపోహ ఏంటంటే, ఈ పెద్దాయన అమెరికా వాడు, చర్చిలో పెద్ద హోదా, ఆయన ఒక సంతకం పెడితే మన పిల్లాడు అమెరికాలో ఉంటాడు. ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు.

హోదా సంగతి ముందు చెప్తా. ఆయన బ్యాడ్జి మీద "ఎల్డర్" అని ఉంటుంది. మన తెలుగు చర్చిల్లో ఎల్డర్ అంటే సంఘపెద్ద, కమిటీలో కూర్చునే మనిషి, కాబట్టి జనం అలాగే అనుకుంటారు. వీళ్ళ పద్ధతిలో మిషన్‌కి వచ్చిన మగవాళ్ళందరూ ఎల్డరే, ఆడవాళ్ళందరూ సిస్టరే. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు వచ్చినా ఎల్డరే. ఇప్పుడున్న తాతగారు రిటైరయ్యే దాకా స్కూలు బస్సులు రిపేరు చేసేవాడట, మా స్కూటీ స్టార్ట్ అవ్వకపోతే తెల్ల చొక్కా చేతులు మడిచి ప్లగ్ విప్పి తుడిచి ఇచ్చాడు. అలాంటి మనిషిని పట్టుకుని కాన్సులేట్‌లో చెప్పండి అంటే ఆయనేం చెప్తాడు పాపం.

ఇక వీసా. ఆ మాటకొస్తే వీళ్ళ వీసాకే వీళ్ళు తిప్పలు పడతారు. మిషనరీ పనికి మన దేశం మిషనరీ వీసా అని విడిగా ఇస్తుంది, టూరిస్టు వీసా మీద వచ్చి ఆ పని చెయ్యకూడదు. 180 రోజులు దాటే వీసా అయితే దిగిన 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు కూడా విదేశీయులు దిగిన 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఆన్‌లైన్లో పంపాలి. ఆ ఫోటో సైజు సరిపోలేదు, ఈ అద్దె అగ్రిమెంటు అప్‌లోడ్ అవ్వలేదు అని రాత్రి పదకొండింటికి నాకు ఫోన్లు. తమ వీసా కోసం లాప్‌టాప్ ముందు దండం పెట్టుకుని కూర్చునేవాళ్ళు మీకేం ఇప్పిస్తారండీ?

అమెరికా విజిటర్ వీసాకి ఆహ్వానం లెటర్ అసలు అడగరు. ఈ మాట నాది కాదు, అమెరికా ప్రభుత్వమే తన వెబ్‌సైట్లో రాసిపెట్టింది. వాళ్ళ చట్టంలో 214బీ అని ఒక సెక్షను ఉంది, దాని ప్రకారం కిటికీ ముందు నిలబడ్డ ప్రతివాడూ అక్కడే ఉండిపోడానికి వచ్చాడనే ముందు అనుకుంటారు, కాదు తిరిగొస్తాను అని మీరు నమ్మించాలి. మీ ఉద్యోగం, మీ ఇల్లు, మీ చదువు, మీ కుటుంబం, ఇవి చూస్తారు. సీతమ్మధారలో ఉండే తాతగారు మీ గురించి మంచిగా రాశాడని చూడరు. స్టూడెంటు వీసా అంటే అక్కడి కాలేజీ ఐ-20 అనే అడ్మిషన్ కాగితం ఇవ్వాలి, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో చూపించాలి. "మతం వీసా" అని ఏజెంట్లు చెప్పేది ఆర్-1, దానికి అమెరికాలో ఉన్న మతసంస్థే ముందు పిటిషన్ వెయ్యాలి, మనిషి అదే సంఘంలో కనీసం రెండేళ్ళు సభ్యుడై ఉండాలి. పోయిన నెల బాప్తిస్మం తీసుకుని ఈ నెల ఆర్-1 అడిగే కుర్రాళ్ళని నేను చూశాను, వాళ్ళ మీద కోపం లేదు, అలా చెప్పి పంపినవాడి మీదే నా కోపమంతా.

రెండేళ్ళ కిందట కూర్మన్నపాలెం నుంచి ఒకావిడ వచ్చింది. అప్పుడున్న జంట వేరు. మధ్యాహ్నం రెండింటికి, మంచి ఎండలో, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది, చేతిలో మాడుగుల హల్వా డబ్బా. వస్తూనే సిస్టర్ అమ్మమ్మగారి చేతిలో ఆ డబ్బా పెట్టి, రెండు చేతులూ పట్టుకుని ఏడుపు. అమ్మమ్మగారేమో ఏదో కష్టంలో ఉంది, ప్రార్థన చెయ్యమంటోంది అనుకుని కళ్ళు మూసుకుని మొదలెట్టేసింది, నేను తర్జుమా చెయ్యడం మొదలెట్టాను, రెండు వాక్యాలయ్యాక ఆవిడ మధ్యలో, "అది కాదు బాబూ, లెటర్ ఎప్పుడిస్తారో అడుగు" అంది.

ఏ లెటర్ అంటే అప్పుడు బయటపడింది. ఒక ఏజెంటు ఈ దంపతులతో చర్చి బయట తీసుకున్న ఫోటో చూపించి, వీళ్ళు నా మనుషులే, స్పాన్సర్ లెటర్ రాయిస్తా అని రెండున్నర లక్షలు పట్టుకెళ్ళాడు. పుస్తెలతాడు తప్ప ఉన్న బంగారమంతా బ్యాంకులో పెట్టి ఇచ్చిందట. కొడుకు బీటెక్ అయ్యి మూడేళ్ళు ఖాళీ. ఆ ఫోటో అందరూ తీసుకుంటారు, ఆదివారం పూట ఆ తాతగారు కనిపించిన ప్రతివాడి పక్కనా నవ్వుతూ నిలబడతాడు, అదే కొంప ముంచింది.

ఇదంతా నేను ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పాను. తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, నేను రాయగలిగితే ఒకటే రాయగలను, మీ అబ్బాయిని ఒకసారి చూశాను, చెయ్యి కలిపాడు, మర్యాదగా ఉన్నాడు అని, అంతకన్నా నాకేం తెలుసు అన్నాడు. అది తెలుగులో ఆ తల్లికి చెప్పడం నా జీవితంలో చేసిన అన్నిటికన్నా కష్టమైన తర్జుమా. ఆవిడ విన్నది, లేచింది, హల్వా తిరిగి ఇవ్వబోతే "ఉంచండమ్మా, మీరేం చేశారు" అని వెళ్ళిపోయింది.

డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఆ ఏజెంటే ఆ కుర్రాడికి చర్చి పేరు మీద ఒక దొంగ లెటర్ తయారు చేసి పెట్టాడు. అది పట్టుకుని కుర్రాడు గోదావరి ఎక్కి హైదరాబాద్ వెళ్ళి కాన్సులేట్‌లో ఇచ్చుంటే, దొంగ కాగితం పెట్టాడని తేలితే, ఆ మనిషికి అమెరికా దారి జీవితాంతం మూసుకుపోవచ్చు. నాకు తెలీదు, ఏజెంట్ ఇచ్చాడు అంటే నమ్మించడం కష్టం, అప్లికేషన్ మీద సంతకం మనదే కదా. అప్లికేషన్ ఫీజు 185 డాలర్లు ఎటూ తిరిగి రాదు. టైముకి ఆ లెటర్ చూశాం, చింపించాం. పోలీసు కంప్లయింటు ఇప్పించాం, డబ్బు ఇంకా రాలేదు.

మీరు ఇప్పటికే ఎవరికైనా కట్టేసి ఉంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో ఆన్‌లైన్లో వేసుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. విదేశాల్లో ఉద్యోగం అని చెప్పేవాడైతే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరు అయ్యుండాలి, ఈమైగ్రేట్ వెబ్‌సైట్లో వాడి పేరుందో లేదో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. నన్ను అడిగినా చూసి పెడతాను, హల్వా అక్కర్లేదు.

దీనికి చుట్టమే ఇంకో అపోహ, పాత్‌వే. ఈ జంటలు చాలాసార్లు బీవైయూ-పాత్‌వే క్లాసులకి సాయం చేస్తారు. అది ఆన్‌లైన్ చదువు, తక్కువ ఫీజు, మంచిదే, మా ట్యూషన్ పిల్లలిద్దరు చేరారు, ఇంగ్లీషు బాగుపడింది. కానీ బీవైయూ అంటే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ, ఆ పేరుంది కాబట్టి అమెరికాలోని యూటా రాష్ట్రంలో కాలేజీ సీటొచ్చినట్టే అనుకుంటే పొరపాటు. వైజాగ్‌లో మీ మంచం మీద కూర్చుని చదివే చదువుకి ఐ-20 రాదు.

మిగతావి గబగబా.

వీళ్ళకి డాలర్లలో జీతమట. జీతం లేదు. ఆరు నెలల నుంచి 23 నెలల దాకా వస్తారు, ఖర్చు సొంత జేబులోంచి, పెన్షన్లోంచి, దాచుకున్నదాంట్లోంచి పెట్టుకుంటారు. కొత్తిమీర కట్ట పది రూపాయలంటే తాతగారు నా మొహం చూస్తాడు, ఎక్కువ చెప్తున్నాడా అని.

పిల్లలు వదిలేస్తే దిక్కులేక వచ్చారట. ఇది మన ఆడవాళ్ళు జాలితో అనేది, తిట్టబుద్ధి కాదు. చలికాలంలో యూటాకీ మనకీ పన్నెండున్నర గంటలు తేడా, సోమవారం పొద్దున్న ఏడున్నరకి ఇక్కడ కాల్ కలిపితే అక్కడ ఆదివారం రాత్రి ఏడు, మనవలంతా ఒకేసారి అరుస్తుంటారు. ఆ టైములో నేను వెళ్తే తలుపు తియ్యరు కూడా.

మతం మారితే డబ్బిస్తారట. పదేళ్ళలో నాకే ఎవరూ ఇవ్వలేదు. అసలు సీనియర్ జంటలు ఇల్లిల్లూ తిరగాలన్న రూలేం లేదు. ఎక్కువగా ఉన్న సభ్యుల ఇళ్ళకెళ్ళడం, ఆఫీసు పనులు, సేవా పనులు. వైజాగ్‌కి తెల్లవాళ్ళు మిషనరీలుగా రావడం కొత్తేం కాదు, లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు 1805లోనే ఇక్కడ దిగి తెలుగు నేర్చుకున్నారు, ఐదారేళ్ళలోపే ఇద్దరూ పోయారు. ఈ ఎండకి తట్టుకోవడం అప్పుడూ కష్టమే, ఇప్పుడూ కష్టమే. మా తాతగారు పొద్దున్న బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసే టైములోనే నడక ముగించి, ఎండెక్కేసరికి ఫ్యాను కింద చేరిపోతాడు, మళ్ళీ నాలుగింటికి టై కట్టుకుని తయారు.

ఇక ఆఖరిది. మన ఇంటికొచ్చి టీ తాగలేదు, పొగరు అనుకోవడం. మొన్న ఒకింట్లో ఆ ఇంటాయన నిజంగానే మొహం మాడ్చుకున్నాడు. వీళ్ళ మతంలో టీ, కాఫీ, మందు, సిగరెట్టు నాలుగూ నిషిద్ధం, అంతే, మీ ఇంటి కప్పుతో గొడవేం లేదు. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం కూడా, ఆ రోజు పిలిచి ప్లేటు పెడితే ఇద్దరికీ ఇబ్బంది. మిగతా రోజుల్లో పిలవండి, కొబ్బరినీళ్ళివ్వండి, లేకపోతే అల్లం, కరివేపాకు దంచి వేసిన పల్చటి మజ్జిగ ఇవ్వండి. పచ్చిమిర్చి మాత్రం వద్దు. ఒక గ్లాసు తాగి, తుడుచుకుని, గ్లాసు మళ్ళీ ముందుకి చాపి "ఇంకొంచెం" అంటాడు, తెలుగులో నా సాయం లేకుండా ఆయనకి స్పష్టంగా వచ్చిన మాట అదొక్కటే.