రాత్రి మెసేజ్‌ల వివాదం: ఆపే బాధ్యత చేతులు మారిన నాలుగేళ్లు

పనివేళలు ముగిశాక వచ్చే మెసేజ్‌కు జవాబివ్వాలా వద్దా అన్న వాదన మళ్లీ రాజుకుంది. నోటిఫికేషన్లు ఆపుకునే మీట మీ ఫోన్‌లోనే ఉంది, వాడుకోండి అంటున్నాయి యాజమాన్యాలు. మీట ఉన్నమాట నిజమే, కానీ నొక్కితే పై అధికారి ఏమనుకుంటారోనన్న బెంగ కూడా ఉంది అంటున్నారు ఉద్యోగులు. ఈ చిక్కుముడి లాక్‌డౌన్‌లో ఇంటినుంచి పని వల్ల పడిందని చాలామంది అనుకుంటారు. అది అప్పటికే పడి ఉంది. 2011 చివరినుంచి 2015 చివరిదాకా గడిచిన నాలుగేళ్లలో, మెసేజ్‌ను ఆపే బాధ్యత కంపెనీ సర్వర్‌ను వదిలి ఉద్యోగి జేబులోకి వచ్చేసింది.

2011 డిసెంబరులో జర్మనీలో కార్ల కంపెనీ ఫోక్స్‌వాగన్ చేసుకున్న ఒప్పందం వార్తల్లోకి వచ్చింది. కంపెనీ ఇచ్చిన బ్లాక్‌బెర్రీ ఫోన్లు వాడే 1,100 మందికి పైగా ఉద్యోగుల కోసం యాజమాన్యం, కార్మిక మండలి కలిసి కుదుర్చుకున్న ఏర్పాటు అది. షిఫ్టు ముగిసిన 30 నిమిషాలకు సర్వర్ ఆ ఫోన్లకు మెయిళ్లు పంపడం ఆపేస్తుంది. మర్నాటి షిఫ్టుకు 30 నిమిషాల ముందు మళ్లీ మొదలుపెడుతుంది. ఫోన్ కాల్స్‌కు అడ్డులేదు. పై స్థాయి మేనేజర్లకు ఈ నియమం వర్తించదు.

చిన్న ఏర్పాటే అయినా దాని లోపలి పనితీరును గమనించాలి. మెయిల్ ఎక్కడికీ పోదు, తెల్లారేదాకా సర్వర్లోనే ఉంటుంది. పంపేవారు ఎప్పుడైనా పంపుకోవచ్చు. అందుకునేవారు ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు. అందరికీ ఒకేసారి ఆగిపోతుంది కాబట్టి ఎవరు ఆపుకున్నారు, ఎవరు తెరిచి ఉంచారు అన్న పోలికకే చోటుండదు. ఉద్యోగుల బెంగంతా ఆ పోలిక చుట్టూనే తిరుగుతుంది. 2014లో మరో జర్మన్ వాహనాల కంపెనీ డైమ్లర్ ఇంకో అడుగు వేసింది. సెలవులో ఉన్న ఉద్యోగి కోరుకుంటే, ఆ రోజుల్లో వచ్చిన మెయిల్ తొలగిపోతుంది. ఆ సంగతీ, బదులుగా ఎవరిని సంప్రదించాలన్నదీ పంపినవారికి జవాబుగా వెళ్తుంది. తిరిగొచ్చేసరికి ఇన్‌బాక్స్‌లో గుట్ట ఉండదు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు సంభాషణ మెయిల్‌ను వదిలి చాట్‌లోకి మారడం మొదలైంది. ఆఫీసు చాట్ యాప్ స్లాక్ 2013 ఆగస్టులో ముందస్తు పరీక్షకు వచ్చి, 2014 ఫిబ్రవరిలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అలాంటిదే మైక్రోసాఫ్ట్ టీమ్స్ 2017 మార్చిలో వచ్చింది. ఇవి మెయిల్‌కంటే వేగంగా ఉన్నాయన్నది అందరూ చెప్పేదే. వివాదానికి మూలం మాత్రం వీటి డిఫాల్ట్ అమరికల్లో, అంటే మనం మార్చకపోతే వాటంతటవే ఉండే అమరికల్లో, ఉంది.

మొదటిది పేరు పక్కన కనిపించే పచ్చ చుక్క. డెస్క్‌టాప్ మీద 10 నిమిషాలు కదలిక లేకపోతే స్లాక్ దాన్ని తీసేస్తుంది. టీమ్స్‌లో 5 నిమిషాలకే రంగు మారుతుంది. మనిషి సీటులో ఉన్నాడా లేడా అన్నది మెయిల్ ఎన్నడూ చెప్పలేదు, చాట్ అడగకుండానే చెప్పేస్తోంది. రెండోది ఫోన్ నోటిఫికేషన్. కంప్యూటర్ ముందు పనిలో ఉన్నంతసేపు ఫోన్‌కు రావాల్సింది ఆగి ఉంటుంది, అక్కడ కదలిక ఆగిందని తెలియగానే ఫోన్‌కు మళ్లుతుంది. పగటిపూట ఇది చక్కని సదుపాయం, ఒకే మెసేజ్ రెండుచోట్ల మోగదు. సాయంత్రం కంప్యూటర్ మూసేసినప్పుడు మాత్రం ఇదే అమరిక తిరగబడుతుంది. పని ఆపడమే ఫోన్ మోగడానికి సంకేతమవుతుంది. మూడోది సామూహిక పిలుపు. ఒక ఛానల్లో, అంటే యాప్‌లోని ఒక గ్రూపులో, ఉన్న 200 మందిలో ముగ్గురికే అవసరమైన విషయానికి ఎవరో అందరినీ ట్యాగ్ చేస్తే 200 ఫోన్లు మోగుతాయి.

2015 డిసెంబరులో స్లాక్ ‘డు నాట్ డిస్టర్బ్’ తెచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. రాత్రి 10 నుంచి ఉదయం 8 వరకు నిశ్శబ్దం డిఫాల్ట్‌గా పెట్టింది. కంపెనీ తరఫున యాప్‌ను నిర్వహించే అడ్మిన్ ఆ వేళలు మార్చవచ్చు, ఎవరికి వారూ మార్చుకోవచ్చు. అత్యవసరమనుకుంటే పంపినవారు దాన్ని దాటి నోటిఫికేషన్ పంపించే వీలూ ఉంచింది. మంచి ఉద్దేశంతో చేసిన పనే, ఎందరికో నిద్ర దక్కింది. కానీ సాయంత్రం 6 గంటలకు పని ముగిసే మనిషికి 6 నుంచి 10 దాకా, అంటే ఇంట్లోవాళ్లతో గడిపే ఆ నాలుగు గంటలూ, డిఫాల్ట్‌గా రక్షణ లేదు. కావాలంటే తనే వెళ్లి మార్చుకోవాలి. మార్చుకున్నట్టు పేరు పక్కన గుర్తు కనిపిస్తుంది. ఫోక్స్‌వాగన్ ఒప్పందం తప్పించిన పోలిక ఇలా తిరిగొచ్చింది. ఆ తర్వాత ఈ తరహా పనిముట్లు చాలావరకు ఇదే దారి పట్టాయి.

చట్టాలు కూడా ఆ దారినే నడిచాయి. పనివేళల బయట సొంత మొబైల్‌లో దొరకకపోవడం తప్పిదం కాదని ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2004లోనే చెప్పింది. 2016లో చేసి 2017 జనవరి 1 నుంచి అమలుచేసిన ఫ్రెంచి చట్టం, కనీసం 50 మంది ఉన్న కంపెనీలు ఈ విషయంపై ఉద్యోగ ప్రతినిధులతో చర్చించాలంది. ఒప్పందం కుదరకపోతే యాజమాన్యం ఒక నియమావళి రాయాలంది. ఏ గంటకు సర్వర్ ఆగాలో చెప్పలేదు. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26న, 15 మందికంటే తక్కువ ఉన్న చిన్న సంస్థల్లో సరిగ్గా ఏడాది తర్వాత, అమల్లోకి వచ్చిన హక్కు, పనివేళల బయట వచ్చే మెసేజ్‌ను చూడకపోవడానికీ జవాబివ్వకపోవడానికీ ఉద్యోగికి రక్షణ ఇస్తుంది. ఆ నిరాకరణ అసమంజసం కాకూడదు. యజమాని పంపడాన్ని మాత్రం అది నిషేధించదు. అక్కడా మీట నొక్కాల్సింది ఉద్యోగే.

యాజమాన్యాల వాదనలో బలమైన అంశం ఒకటుంది. అధికారిక దారి మూస్తే మాటలు సొంత ఫోన్లలోని గ్రూపులకు మళ్లుతాయని వారి భయం. అలా మళ్లితే రికార్డు మిగలదు. 2021 డిసెంబరులో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ జేపీ మోర్గాన్ సెక్యూరిటీస్‌కు 12.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది ఇందుకే: ఉద్యోగులు సొంత ఫోన్లలో, వాట్సాప్‌లో జరిపిన వ్యాపార సంభాషణలను సంస్థ భద్రపరచలేదు. అది పనివేళల కేసు కాదు, అయినా హెచ్చరిక నిజమైనదే. దానికి విరుగుడు అత్యవసరానికి వేరే దారి ఉంచడం. అత్యవసరమైతే ఎవరిని పిలవాలో చెప్పే, వారంవారం మారే ఆన్‌కాల్ జాబితా, అందులోని ఒక్కరికే మోగే కాల్, ఆ ఒక్కరికి అదనపు చెల్లింపు. మిగతావన్నీ ఉదయందాకా ఆగగలవు.

ఇక షెడ్యూల్ సెండ్‌తోనే, అంటే ఇప్పుడు రాసి తర్వాతి సమయానికి వెళ్లేలా పెట్టే సదుపాయంతోనే, సమస్య తీరుతుందని చెప్పేవారున్నారు. జీమెయిల్‌లో ఇది 2019లోనూ, స్లాక్‌లో 2021లోనూ వచ్చింది. పనికొస్తుంది, కానీ తప్పులు ఎక్కడ జరుగుతాయో తెలిసి వాడాలి. సమయం పంపేవారి గడియారం ప్రకారం పడుతుంది, కాబట్టి వేరే టైమ్‌జోన్‌లో ఉన్నవారికి అది అర్ధరాత్రి కావచ్చు. అందరూ 9:00కే పెడితే సీటులో కూర్చోగానే ముప్ఫై మెసేజ్‌లు ఒక్కసారిగా మీదపడతాయి, 9:20, 9:40 అని విడదీస్తే మేలు. రాత్రికి రాత్రి పరిష్కారమైపోయిన విషయం గురించి పొద్దున్నే పాత ప్రశ్న వెళ్లి గందరగోళం చేస్తుంది. రాసినవారు ఉదయం ఒకసారి షెడ్యూల్ జాబితా చూసి, అక్కర్లేనిది తీసేయాలి.

ఒక్క యాప్‌లో నిశ్శబ్దం పెట్టి ఊరుకున్నా లాభం లేదు. అదే విషయం మెయిల్‌గా, క్యాలెండర్ ఆహ్వానంగా, టికెట్ (నమోదైన పని) అప్‌డేట్‌గా, బాట్ (దానంతటదే మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్) హెచ్చరికగా మరో నాలుగు దారుల్లో వస్తుంది. ముందు బాట్ హెచ్చరికలను మామూలు ఛానళ్లనుంచి తీసి విడిగా పెట్టాలి. పెద్ద ఛానళ్లలో సామూహిక ట్యాగ్ అనుమతిని ఇద్దరు ముగ్గురికి పరిమితం చేయాలి.

ఆపే మీటను మళ్లీ కంపెనీ చేతికి తెచ్చే పనిముట్లు ఇప్పుడున్నాయి. ఉద్యోగుల ఫోన్లలోని ఆఫీసు యాప్‌లను కంపెనీ నిర్వహించేందుకు వాడే మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్‌లో అడ్మిన్ ఆ ఫోన్లలోని ఔట్‌లుక్, టీమ్స్ నోటిఫికేషన్లకు నిశ్శబ్ద వేళలు పెట్టగలరు. ఉద్యోగి వాటిని మార్చుకోవచ్చా లేదా అన్నదీ అక్కడే తేల్చవచ్చు. 2011లో సర్వర్ దగ్గర జరిగిన పనికి ఇది దగ్గరగా ఉంటుంది. అందుకే ఇప్పటి చర్చల్లో ఉద్యోగ ప్రతినిధులు బల్లమీద పెట్టాల్సిన ప్రశ్నలు చాలా నిర్దిష్టమైనవి: నిశ్శబ్దం పని ముగిసే గంట నుంచి మొదలవుతుందా, రాత్రి 10 నుంచా? దాన్ని దాటే అనుమతి ఎవరికి? దాటిన ప్రతిసారీ అది ఎక్కడ నమోదవుతుంది, నెలాఖరున ఆ లెక్క చూసేది ఎవరు?