రుద్రమదేవి ఎప్పుడు చనిపోయింది? అపోహలు - వాస్తవాలు

పరీక్షలు దగ్గర పడితే చాలు, రాత్రి పదింటికి ఫోన్. "మేడమ్, పాత పుస్తకంలో రుద్రమదేవి పాలన 1295 దాకా అని ఉంది, కొత్త దాంట్లో 1289. ఏది రాయాలి?" టెన్షన్ పడకు తల్లీ, 1289 రాయి. అసలు చిక్కు ఆ తర్వాతి మాటలో ఉంది: "అంటే ఎవరో మార్చేశారా?"

అపోహ: తేదీ మారిందంటే చరిత్రను తారుమారు చేశారు.

వాస్తవం: మార్చింది ఒక రాయి. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానం ఇచ్చాడని అందులో ఉంది. ఆ శాసనం వెలుగులోకి రాకముందు రాసినవాళ్ళు తమ దగ్గరున్న ఆధారాలతో 1295 అన్నారు. అబద్ధమాడలేదు. వాట్సాప్‌లో తిరిగే "దాచిన చరిత్ర" మెసేజ్‌లు నమ్మి, పుస్తకాలన్నీ దొంగవేనని చదవడం మానేసిన పిల్లల్ని చూశాను. వాళ్ళకు పోయింది ఒక మార్కు కాదు, మొత్తం సబ్జెక్టు.

అపోహ: కాకతీయుల సామంతుడు అంబదేవుడు ఆమెను చంపాడని ఆ శాసనంలోనే ఉంది.

లేదు. ఎలా పోయారో అది చెప్పదు. రాణి, సేనాని ఇద్దరి మరణం ఒకేచోట కనిపించడం, అదే కాలంలో కాయస్థ వంశపు అంబదేవుడు తిరగబడటం చూసి చరిత్రకారులు చేసిన ఊహ అది. బలమైన ఊహే, కానీ ఊహే.

అపోహ: శాసనంలో ఉంటే అక్షరాలా నిజం.

పేరు, తేదీ, దానం సరే. పొగడ్త దగ్గర మాత్రం కాస్త ఆగండి.

మొన్న నా డిగ్రీనాటి పుస్తకం మళ్ళీ తీశాను. నాన్న పాత పుస్తకాల షాపులో కొనిచ్చింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో "మార్కోపోలో మన రాణిని చూశాడు!!" అని నా రాతే. ఆ ఇటలీ యాత్రికుడు చైనా వదిలి ఇటు బయలుదేరిందే 1292 ప్రాంతంలో; అప్పటికే ఆమె లేదు. పైగా ఇక్కడి రాణిని చనిపోయిన రాజుగారి భార్య అని రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు కదా! ఎవరో చెబితే విని రాసుకున్నాడన్నమాట. పక్కనే పెన్నుతో 1289 అని రాశాను గానీ పెన్సిల్ రాత చెరపలేదు. ఆ తప్పు చదివి మురిసిపోయే నేను ఎం.ఏ. హిస్టరీలో చేరాను.