తెలిసిన మాటే ముంచుతుంది: పాతకాలపు ఇంగ్లీషు పదాలపై అపోహలు - వాస్తవాలు

పాత దస్తావేజులు, చట్టాలు, మత గ్రంథాల ఇంగ్లీషును తెలుగు చేయడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు నోరు తిరగని మాట కనబడగానే కంగారు పడతారు. నిజానికి దానితో పెద్ద ప్రమాదం లేదు. తెలియదని తెలుసు కాబట్టి నిఘంటువు తీస్తారు. అనువాదం బోల్తా పడేది రోజూ వాడే మాట దగ్గరే.

అపోహ: పాత మాటలంటే వాడుకలోంచి పోయిన మాటలు.

వాస్తవం: మాట ఉండిపోయి అర్థం మారినవే మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. మీ పాస్‌పోర్టు తెరవండి. రాష్ట్రపతి పేరిట ఉన్న అభ్యర్థనలో, దీన్ని కలిగిన వ్యక్తిని 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' వెళ్లనివ్వాలని ఉంటుంది. 'లెట్' అంటే అనుమతించడమని బడిలో చదువుకున్నాం. ఆ లెక్కన మనల్ని అనుమతి లేకుండా పంపమని రాష్ట్రపతి కోరుతున్నట్టు! అక్కడ 'లెట్' అంటే ఆటంకం. ప్రాచీన ఇంగ్లీషులో అడ్డుకోవడానికి ఒక క్రియ, పోనివ్వడానికి వేరే క్రియ ఉండేవి. కాలక్రమంలో రెండూ అరిగి ఒకే రూపానికి వచ్చాయి. అడ్డుకునే 'లెట్' ఇప్పుడు ఇలాంటి పత్రాల్లోనూ, టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్‌ను తాకి సరైన గడిలో పడినప్పుడూ ఎక్కువగా వినిపిస్తుంది.

'ప్రివెంట్' కూడా అలాంటిదే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అది నివారించడం కాదు, ముందుగా వెళ్లడం. థెస్సలొనీకయుల పత్రికలో (బైబిల్లోని ఒక లేఖ) ఆ మాట ఉన్న చోట తెలుగు బైబిల్ 'ముందుగా' అనే రాసింది. ఇక 1860 నాటి శిక్షాస్మృతిలోని 425వ సెక్షన్ చెప్పే 'మిస్‌చిఫ్' పిల్లల అల్లరి కాదు, కావాలని ఆస్తికి నష్టం కలిగించడం. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మాట అలాగే ఉంది.

అపోహ: పాతకాలపు ఇంగ్లీషు సర్వనామం 'దౌ' (thou) గౌరవ వాచకం. దేవుణ్ణి అలాగే పిలుస్తారు కదా!

వాస్తవం: పూర్తిగా తలకిందులు. 'దౌ' మన 'నువ్వు', 'యూ' మన 'మీరు'. మన 'మీరు' లాగే 'యూ' కూడా మొదట బహువచనమే, తర్వాత మర్యాద అయింది. 1603లో ఇంగ్లండ్ నావికుడు సర్ వాల్టర్ రాలీపై రాజద్రోహ విచారణ జరిగినప్పుడు అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఆయన్ని పనిగట్టుకుని 'దౌ' అన్నాడు. నిండు సభలో ఏకవచన ప్రయోగమన్నమాట. ఆ శతాబ్దంలోనే క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు, మనుషులంతా సమానమని నమ్మి, ఎంత పెద్దవారినైనా 'దౌ' అని పిలిచి తిట్లూ దెబ్బలూ తిన్నారు.

మరి బైబిల్ సంగతి? హీబ్రూ, గ్రీకు మూలాల్లో ఏకవచనం, బహువచనం వేరుగా ఉంటాయి. 1611 అనువాదకులు ఆ తేడాను నిలిపారు. అందుకే అందులో దేవుడికీ సైతానుకూ ఒకే సర్వనామం. తర్వాత ప్రామాణిక ఇంగ్లీషు సంభాషణలోంచి 'దౌ' జారిపోయింది, ప్రార్థనలో మిగిలింది. ప్రార్థనలో మిగిలింది కాబట్టి దానికి గౌరవం అంటుకుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. పాత నాటకంలో ఇద్దరు తగువులాడుతూ 'యూ' నుంచి 'దౌ'కి దిగితే నేటి ఇంగ్లీషు పాఠకుడికి అది చెవికి ఆనకపోవచ్చు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందంటే గొడవ ఎంత ముదిరిందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అన్నిచోట్లా 'నీవు' అని గ్రాంథికంగా పరిచేసే అనువాదాలు నాకు నచ్చకపోవడానికి కారణం అదే.

అపోహ: పాతకాలపు దుకాణం బోర్డుల మీది 'యీ ఓల్డ్' (Ye Olde)ను 'యీ' అనే పలకాలి.

వాస్తవం: అది 'ద' (the). ఆ ధ్వనికి ఇంగ్లీషులో 'థార్న్' అనే అక్షరం ఉండేది. యూరప్ నుంచి వచ్చిన ముద్రణ దిమ్మల్లో అది లేక, చూడటానికి దగ్గరగా ఉన్న 'వై'ని వాడారు. 'మీరు' అనే అర్థంలో వచ్చే 'యీ' వేరే మాట, దాన్ని 'యీ' అనే పలకాలి.

అపోహ: షేక్‌స్పియర్ నాటకంలో రోమియో గురించి జూలియట్ అడిగే 'వేర్‌ఫోర్' అంటే 'ఎక్కడ'.

వాస్తవం: 'ఎందుకు'. రోమియో ఎక్కడున్నాడని కాదు, శత్రువుల ఇంటి పేరు నీకెందుకని ఆమె బాధ.

అపోహ: నిఘంటువులో ఉందంటే ఎవరో ఒకరు వాడిన మాటే.

వాస్తవం: 1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో 'డార్డ్' అనే మాట, దానికి 'సాంద్రత' అనే అర్థం ఉన్నాయి. సాంద్రతకు సంక్షిప్తంగా పెద్ద 'డి' లేదా చిన్న 'డి' రాయవచ్చని చెప్పే చీటీలోని 'D or d' అక్షరాలను కలిపి చదివితే పుట్టిన మాట అది. వ్యుత్పత్తి ఏదీ ఇవ్వలేదని 1939లో ఒక సంపాదకుడు గమనించేదాకా ఎవరూ పట్టుకోలేదు. అందుకే నేను ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తీసినా ముందు అర్థం చూడను. కింద తేదీలతో ఇచ్చిన ప్రయోగాలు చూస్తాను. నా చేతిలోని పత్రం 1790 నాటిదైతే, ఆ కాలానికి చెందిన వాక్యం ఏ అర్థం కింద ఉందో వెతికి దాన్నే తీసుకుంటాను.